పెద్ద గ్లాస్ వేశాక హెల్మెట్ ఇంకా ఎక్కువ ఊగుతోందంటే

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివా. 350 సీసీ క్రూజర్, నీ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, మారతహళ్లి నుంచి నెలకోసారి కర్నూలు వెళ్లొస్తావు, 85 దాటగానే హెల్మెట్ దడదడా కొట్టుకునేది, షాపులో బండి ముందు పెద్ద గ్లాస్ (విండ్‌షీల్డ్) వేసుకోమన్నారు, వేశావు, ఇప్పుడు ముందుకన్నా ఎక్కువైంది, దీనికన్నా పెద్దది ఆర్డర్ పెట్టాలా అని అడిగావు. పెట్టొద్దు. ఆ డబ్బులు దగ్గర ఉంచుకో. మాది అనంతపురం, 2012 నుంచి బెంగళూరులో ఉద్యోగం, ఇదే రోడ్డు మీద మూడు బండ్లు తిప్పా, మూడింటి మీదా నీకొచ్చిన బాధే పడ్డా, మూడు సార్లూ అది తగ్గింది గ్లాస్ పెద్దది చేస్తే కాదు.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకో, మిగతాదంతా దాన్నుంచే వస్తుంది. నీ తలని ఊపేది గాలి కాదు, విరిగిన గాలి. కర్నూల్లో తుంగభద్ర వంతెన మీద వానాకాలంలో నిలబడి కిందికి చూసుంటావుగా, నీళ్లు దిమ్మ దగ్గరికి వచ్చేదాకా నున్నగా వస్తాయి, దిమ్మ దాటగానే వెనకాల సుడులు మొదలవుతాయి, ఒకటి ఎడమ పక్క నుంచి, ఒకటి కుడి పక్క నుంచి, ఒకదాని వెనక ఒకటి విడిపోయి పోతూనే ఉంటాయి. నీ గ్లాస్ ఆ దిమ్మ. నీ తల ఆ సుడుల్లో ఉంది. గ్లాస్ లేనప్పుడు తల మీద పడేది నున్నటి ప్రవాహం, బలంగా తోస్తుంది గానీ ఒకే తీరుగా తోస్తుంది, మెడ దానికి అలవాటు పడిపోతుంది. సుడి అలా కాదు, సెకనుకి ఎన్నోసార్లు ఇటు అటు కొడుతుంది, మెడ కండరాలు ఏ పక్కకి బిగించాలో తెలియక రెండు పక్కలా బిగిస్తాయి, కళ్ల ముందు బోర్డు మీద అక్షరాలు రెండుగా కనిపిస్తాయి, గుత్తి వచ్చేసరికి మనిషి అలిసిపోతాడు.

అందుకే పెద్ద గ్లాస్ అన్నిసార్లూ మందు కాదు. ఇంతకుముందు చిన్న గ్లాస్ అంచు నుంచి విడిపోయిన సుడులు ఎక్కువగా నీ ఛాతీకో భుజానికో తగిలేవి, కొన్నే హెల్మెట్ దాకా వచ్చేవి, ఇప్పుడు గ్లాస్ 10 సెంటీమీటర్లు పైకి వచ్చింది కాబట్టి అవే సుడులు సరిగ్గా హెల్మెట్ మీదికి వచ్చాయి. అంతే జరిగింది. పైగా పెద్ద గ్లాస్ వెనక ఇంకోటి కూడా జరుగుతుంది, గాలి చుట్టూ తిరిగి పోవడం వల్ల గ్లాస్‌కీ నీ ఛాతీకీ మధ్య ఒత్తిడి తగ్గిపోతుంది, ఆ ఖాళీని నింపడానికి నీ వెనక నుంచి, పక్కల నుంచి గాలి లోపలికి దూరుతుంది. ఇది నీకు జరుగుతోందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక, వీపు మీద ఎవరో చెయ్యి పెట్టి ముందుకు తోస్తున్నట్టు ఉంటుంది, జాకెట్ కాలర్ వెనక నుంచి ముందుకి మడుచుకుంటుంది, ట్యాంక్ బ్యాగ్ మీద వదులుగా ఉన్న పట్టీ వెనక్కి వాలాల్సింది పోయి గ్లాస్ వైపుకి ఎగురుతుంది. పట్టీ గ్లాస్ వైపు ఎగురుతుంటే ఇంక అనుమానం అక్కర్లేదు, నీ గ్లాస్ వెనక గాలి చాలట్లేదు.

వేగం సంగతి కూడా చెప్తా. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే 60 నుంచి 120కి వెళ్తే రెట్టింపు కాదు నాలుగు రెట్లు, 80 నుంచి 100కి వెళ్తేనే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 80 దాకా బానే ఉంది 90కి పిచ్చెక్కిపోతోంది అని అందరూ అనేది అందుకే, బండిలో ఏదో తేడా వచ్చిందని కాదు.

అయితే ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. ఊగుతోంది నీ తలా, హ్యాండిలా? రెండూ ఒకటి కాదు. హెల్మెట్ ఒక్కటే కొట్టుకుంటూ హ్యాండిల్ స్థిరంగా ఉంటే గాలి సమస్య. హ్యాండిల్ కూడా ఇటు అటు ఆడుతుంటే, లేదా బండి వెనక భాగం పాములా కదులుతుంటే గ్లాస్ సంగతి పక్కన పెట్టి ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లు, టైర్లలో గాలి, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బుష్, వీల్ బేరింగులు చూపించు, వెనక టాప్ బాక్సులో బరువు ఎక్కువ పెట్టావేమో చూసుకో. హ్యాండిల్‌కి తగిలించే పెద్ద గ్లాస్ అయితే అదే హ్యాండిల్‌ని ఊపగలదు, గ్లాస్ తీసేసి ఒకసారి నడిపితే తెలిసిపోతుంది. ఇది మాత్రం రేపు చూద్దాంలే అనుకోవద్దు.

సరే తలే ఊగుతోంది అనుకుందాం. ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి, గాలి లేని రోజు చూసుకుని, దేవనహళ్లి దాటి చిక్కబళ్లాపూర్ వైపు వెళ్లు, ఆ టైములో రోడ్డు ఖాళీగా ఉంటుంది. వెనక వేరే బండి మీద ఒక స్నేహితుడు ఉంటే మంచిది. ఎప్పుడూ ఊపు మొదలయ్యే వేగంలో స్థిరంగా వెళ్తూ మెల్లగా తల కిందికి దించు, గడ్డం ట్యాంక్ వైపుకి. ఒకచోట ఒక్కసారిగా నిశ్శబ్దం అవుతుంది, అక్కడ గ్లాస్ చాటు. ఆ ఎత్తు గుర్తు పెట్టుకో. తర్వాత రోడ్డు నున్నగా ఉన్న చోట ఫుట్ రెస్టుల మీద కొంచెం లేచి, సీటు నుంచి ఒక జానెడు, అంతకు మించి వద్దు, అక్కడ మోత పెరుగుతుంది గానీ ఊపు ఆగిపోతుంది, అది నున్నటి గాలి. ఈ రెండింటి మధ్యలో ఉన్నదే సుడుల పొర, నీ తల ఇప్పుడు దాంట్లో ఉంది. దించాల్సింది రెండు అంగుళాలే అయితే గ్లాస్ కొంచెం సర్దితే చాలు, లేవాల్సింది రెండు అంగుళాలే అయితే గ్లాస్ తగ్గించడమే దారి. ఇది చెయ్యకుండా కొన్న ప్రతి గ్లాసూ లాటరీయే.

దారాల పరీక్ష కూడా చేసి చూడు. ఊలు దారం నాలుగేసి అంగుళాల ముక్కలు చేసి గ్లాస్ లోపలి పక్క, పై అంచుకి, హెల్మెట్ పైన, భుజాల మీద టేపుతో అతికించి, పక్క లేన్‌లో స్నేహితుడి బండి మీద వెనక కూర్చున్నవాడితో వీడియో తీయించు. నేను మొదటిసారి ఇది చేసినప్పుడు హెల్మెట్ పైన ఉన్న దారాలు బుద్ధిగా వెనక్కి వాలి ఉన్నాయి, గ్లాస్ లోపలివి మాత్రం పైకి లేచి గ్లాస్‌ని కొడుతూ గుండ్రంగా తిరుగుతున్నాయి. అప్పటిదాకా పై అంచే తప్పు అనుకుని నేను ఒక డిఫ్లెక్టర్ (గాలిని మళ్లించే చిన్న పలక), దాని మీద ఇంకో డిఫ్లెక్టర్ కొన్నా. తేడా అంతా కింద ఉంది.

ఇక చెయ్యాల్సిన పని. మొట్టమొదట గ్లాస్ కింద సందు పెట్టు. గ్లాస్ డూమ్‌కి (హెడ్‌లైట్ చుట్టూ ఉండే కవరుకి) అతుక్కుని ఉంటే కింద నుంచి గాలి రాదు, వెనక ఖాళీ ఏర్పడుతుంది. కింద ఒక వేలు, రెండు వేళ్ల సందు ఇస్తే కొంచెం గాలి లోపలి నుంచి పైకి వెళ్లి ఆ ఖాళీని నింపుతుంది, పై అంచు దాటొచ్చే గాలి కిందికి సుడి తిరక్కుండా నీ తల మీదుగా జారిపోతుంది. ఇదేమీ నా కనిపెట్టుడు కాదు, హార్లే వాళ్లు 2014 మోడళ్లకి రష్‌మోర్ అనే పేరుతో మార్పులు చేసినప్పుడు బ్యాట్‌వింగ్ ఫెయిరింగ్‌లో (హ్యాండిల్ ముందుండే గబ్బిలం రెక్కల ఆకారపు కవరులో) గ్లాస్ కింద గాలి వెళ్లే వెంట్ పెట్టింది సరిగ్గా తల ఊపు తగ్గించడానికే, హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1800 గ్లాస్ మధ్యలో మూసి తెరిచే వెంట్ ఉండేది, బయట దేశాల్లో మ్యాడ్‌స్టాడ్ అని గ్లాస్ బ్రాకెట్లు అమ్ముతారు, వాటి కిటుకు కూడా కింద సందూ కోణమూ మార్చుకోగలగడమే. అంత డబ్బు పెట్టక్కర్లేదు. బెంగళూరులో బండి సామాన్లు దొరికే జేసీ రోడ్డుకి వెళ్లి నీ గ్లాస్ బోల్టులు చూపించి అదే మందం, 20, 30, 40 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్న స్టెయిన్‌లెస్ బోల్టులు, వాటికి సరిపడా నైలాన్ స్పేసర్లు (బోల్టు చుట్టూ వేసి ఎడం పెంచే గొట్టం ముక్కలు), రబ్బరు వాషర్లు తెచ్చుకో. ముందు కింది బోల్టులకి 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేసి నడుపు, తర్వాత 20, తర్వాత 30. ఒక్కోసారి ఒక్కటే మార్చు, రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

బోల్టు బిగించేటప్పుడు జాగ్రత్త. పాలీకార్బొనేట్ అయినా యాక్రిలిక్ అయినా ఎక్కువ బిగిస్తే రంధ్రం చుట్టూ వెంట్రుక లాంటి పగుళ్లు వస్తాయి, గ్లాస్‌కి రెండు పక్కలా రబ్బరు ఉండాలి, వేలితో తిప్పితే వాషర్ కష్టంగా కదలాలి, ఆ బిగువు చాలు. వదులవుతుందని థ్రెడ్ లాకర్ (బోల్టు ఊడకుండా పూసే జిగురు) పూయొద్దు, ఆ రసాయనం తగిలితే ప్లాస్టిక్ పగులుతుంది, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవ్వనిది) వాడు. అద్దాలు తుడిచే అమోనియా నీళ్లు, పెట్రోలు కూడా దగ్గరికి రానివ్వద్దు, షాంపూ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

కింద సందు వేసేసరికి గ్లాస్ కోణం కూడా కొంచెం మారుతుంది, నీ వైపుకి ఎంత వాలితే పై అంచు నుంచి గాలి అంత తక్కువ ఎత్తుకి వెళ్తుంది, నిలువుగా పెడితే ఎత్తుగా వెళ్తుంది గానీ సుడులు పెద్దవవుతాయి. ఇదంతా బండిని బట్టీ మనిషిని బట్టీ మారుతుంది, నా తొలి బండి మీద 15 మిల్లీమీటర్లకే ఆగింది, ఇప్పటి బండి మీద 35 కావాల్సి వచ్చింది. ఇంకో ఇంచో రెండించీలో కావాలి అనిపిస్తే అప్పుడు పై అంచుకి క్లిప్పుతో పట్టే డిఫ్లెక్టర్ మంచిది, ముందుకీ వెనక్కీ తిరిగేది తీసుకో, దానికీ గ్లాస్‌కీ మధ్య వేలు దూరేంత సందు ఉండేలా పెట్టు.

గ్లాస్ ఎత్తు గురించి నా మాట స్థిరం, మామూలుగా కూర్చుంటే పై అంచు నీ ముక్కు దగ్గర ఉండాలి, దాని మీదుగా చూడాలి, దాంట్లోంచి కాదు. రాత్రి ఎదురు లైట్లు, పైన వాన చినుకులు, గ్లాస్ మీద గీతలు, పెనుకొండ దగ్గర ఒకసారి అలా ఏమీ కనపడక రోడ్డు పక్కన అరగంట నిలబడిపోయా. పొడుగు గ్లాస్‌ని కోసుకోవచ్చు కూడా, యాక్రిలిక్ అయితే రెండు పక్కలా మాస్కింగ్ టేప్ వేసి గీత గీసి సన్న పళ్ల హాక్‌సా బ్లేడుతో నిదానంగా కోసి అంచుని ముందు 220, తర్వాత 400 ఎమ్రీ పేపర్‌తో గుండ్రం చెయ్యి. కొయ్యబోయే ముందు మాత్రం ఆ ఎత్తుకి పైన టేపు వేసి కాదు, తల లేపి నడిపి తేల్చుకో, కోసింది మళ్లీ అతకదు.

ఇవన్నీ చేసినా కుదరకపోతే గ్లాస్ పూర్తిగా తీసేసి ఒక ట్రిప్ వెళ్లిరా, నిజంగా చెప్తున్నా. చాలామందికి 90 లోపు నున్నటి గాలి ఛాతీ మీద పడటమే హాయిగా ఉంటుంది. నువ్వు 5 అడుగుల 10, క్రూజర్ సీటు మీద నిటారుగా కూర్చుంటావు, నీ తల ఎలాగూ ఎత్తులో ఉంటుంది, బొడ్డు నుంచి ఛాతీ దాకా కాచే పొట్టి గ్లాస్ నీకు సరిపోతుందని నాకనిపిస్తోంది.

హెల్మెట్ సంగతి. ముందుకి పీక్ (టోపీ అంచు లాంటిది) ఉన్న అడ్వెంచర్ హెల్మెట్ అయితే పీక్ విప్పేసి ఒకసారి నడుపు, చాలామందికి అక్కడే తేలిపోతుంది. లోపల వదులుగా ఉన్నా ఊపు పెరుగుతుంది, గడ్డం దగ్గర పట్టుకుని ఇటు అటు తిప్పితే చెంపల చర్మం కూడా దాంతో కదలాలి, హెల్మెట్ ఒక్కటే తిరిగితే చీక్ ప్యాడ్లు అరిగినట్టు, ప్యాడ్లు విడిగా దొరుకుతాయి. ఐఎస్ఐ మార్కు ఉన్న మంచి ఫుల్ ఫేస్ మాత్రమే, సగం హెల్మెట్‌తో హైవే ఎక్కొద్దు.

చెవుల గురించి దయచేసి విను. 100 వేగంలో హెల్మెట్ లోపల గాలి మోత 95 డెసిబెల్స్ దాటుతుంది. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు ఉండొచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగం చేసుకోవాలని పని చేసే చోట ఆరోగ్యం గురించి చూసే అమెరికా సంస్థ నియోష్ వాళ్ల లెక్క, అంటే 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. నువ్వు కర్నూలు దాకా ఆరేడు గంటలు అందులో కూర్చుంటున్నావు. 2016లో నేను ఒకే రోజులో హైదరాబాద్ వెళ్లా, ఆ రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాళ్ల మోత, రెండో రోజుకీ పోలేదు, ఇప్పటికీ నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎడమ చెవిలో సన్నగా వినిపిస్తూనే ఉంటుంది, అది ఇంక పోదని డాక్టరు చెప్పారు. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు చాలు, వేళ్లతో సన్నగా నలిపి, ఇంకో చేత్తో చెవి పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టి అది ఉబ్బేదాకా అరనిమిషం నొక్కి పట్టుకో. హారన్లు, సైరన్లు కొంచెం తగ్గినా వినిపిస్తాయి, గాలి హోరు బాగా తగ్గుతుంది. గ్లాస్ కుదిరినా కుదరకపోయినా ఇది మాత్రం ఈ వారమే మొదలుపెట్టు.

ఆషాఢం గాలి వేరే కథ. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, జూన్ నుంచి ఆగస్టు దాకా బాగేపల్లి దాటితే పడమటి గాలి ఎడమ పక్క నుంచి పట్టి తోస్తుంది, కొండ చాటు నుంచి బయటికి రాగానే ఒక్క దెబ్బ తగులుతుంది. ఇది ఏ గ్లాస్‌తోనూ తగ్గదు, పెద్ద గ్లాస్ అయితే తెరచాపలా పట్టేస్తుంది. మోకాళ్లతో ట్యాంక్ పట్టుకుని, చేతులు వదులుగా పెట్టి, వేగం తగ్గించుకోవడమే. లారీ వెనక 20, 30 మీటర్లలో ఎక్కువసేపు ఉండొద్దు, అక్కడ దాని సుడులే నీ మీద పడతాయి, దాటేటప్పుడు ముందు బయటికి తోసి తర్వాత లోపలికి లాగుతుంది, పక్కకి ఒక బారెడు ఎక్కువ చోటు ఇచ్చి చకచకా దాటు.

నీ ప్రశ్న కింద ఒకతను మూడు చక్రాల బండి గురించి కూడా అడిగాడు, వాళ్ల నాన్నగారి స్కూటర్‌కి సైడ్ వీల్స్ ఉన్నాయట. అది నాకు దగ్గరి విషయమే. కేఆర్ పురంలో మా వీధి అన్నకి చిన్నప్పుడు పోలియో, సైడ్ వీల్స్ స్కూటర్ మీద రోజూ వైట్‌ఫీల్డ్ వెళ్లొస్తాడు. రెండు చక్రాల బండి పక్కగాలికి కొంచెం వాలి తట్టుకుంటుంది, మూడు చక్రాలది వాలదు, యమహా నైకెన్, పియాజియో ఎంపీ3 లాంటి కొన్ని వాలేవి ఉన్నాయి గానీ అవి వేరు, కాబట్టి ఆ తోపంతా హ్యాండిల్‌లోంచి చేతులకి, నడుముకి వస్తుంది. అన్న స్కూటర్‌కి ఎవరో తలకన్నా ఎత్తు గ్లాస్ నిలువుగా బిగించారు, పక్కన బస్సు పోతే హ్యాండిల్ గుంజుకుపోయేది, పైగా కళ్లు నీళ్లు కారేవి. గాలి పై నుంచి రావట్లేదు, కాళ్లు పెట్టుకునే పలక మీద నుంచి మోకాళ్ల పక్కగా పైకి ఎగదన్ని గడ్డం కింద నుంచి ఓపెన్ హెల్మెట్‌లోకి వస్తోంది. గ్లాస్ పై నుంచి నాలుగు అంగుళాలు కోసేసి, కొంచెం వెనక్కి వాల్చి, ఏప్రాన్ (స్కూటర్‌లో కాళ్ల ముందుండే పలక) రెండు పక్కలా మోకాళ్ల దగ్గర మడ్‌ఫ్లాప్ రబ్బరు ముక్కలు బిగించి, ఫుల్ ఫేస్ హెల్మెట్ ఇప్పించాం. ఆ రబ్బరు ముక్కలతోనే సగం తగ్గింది. పెద్ద ట్రైక్‌లకైనా, అంటే మూడు చక్రాల మోటార్‌సైకిళ్లకైనా, ఇదే వర్తిస్తుంది, ఫెయిరింగ్‌కీ చక్రాలకీ మధ్య కింద నుంచి వచ్చే గాలి ముందు ఆపాలి, అందుకే వాళ్లు కాళ్ల ముందు లోయర్లు అనే పలకలు, ఫోర్క్ పక్కన డిఫ్లెక్టర్లు పెట్టుకుంటారు. నాన్నగారి బండికి సైడ్ వీల్స్ వేయించాక ఆర్‌సీలో ఎక్కించారో లేదో కూడా ఒకసారి చూసుకోమనండి.

వెనక కూర్చునేవాళ్లని మర్చిపోవద్దు. నీకు హాయిగా ఉన్న గ్లాస్ వెనక ఎత్తులో కూర్చున్నవాళ్ల తలకి సుడులు తగిలించొచ్చు. మా ఆవిడ ఒకసారి లేపాక్షి దాకా ఏమీ అనకుండా కూర్చుని దిగాక తలనొప్పి అంది, అప్పటిదాకా నేను అడగనే లేదు. ఇప్పుడు ప్రతి మార్పుకీ తనని ఎక్కించుకుని ఒక రౌండ్ తిప్పి అడిగాకే బోల్టు ఆఖరిసారి బిగిస్తా.

ఈ ఆదివారం వీలైతే పాత చిన్న గ్లాస్‌నే మళ్లీ పెట్టి కింద 10 మిల్లీమీటర్ల స్పేసర్‌తో మొదలుపెట్టు. తల ఎంత దించితే ఆగింది, ఎంత లేపితే ఆగింది, సీటు మీద నుంచి నీ కళ్ల ఎత్తు ఎంత, ఈ మూడూ కొలిచి రాయి, తర్వాత ఏం మార్చాలో చెప్తా.